మైదానాల వెంట

మాంచెస్టర్ నుంచి లీ అనే ఊరికి రైలు లేదు. ఒకప్పుడు ఉండేది. 1969లో ఆ లైను మూసేశారు. పాత పట్టాల దారిలోనే కొంతమేర కాంక్రీటు గాడి కట్టి, 2016 నుంచి అందులో బస్సులు నడుపుతున్నారు. గాడిలోకి దిగాక పక్కనుండే చిన్న చక్రాలు అంచుల్ని ఆనుకుని బస్సును నడిపించుకుపోతాయి. డ్రైవరు స్టీరింగు తిప్పే పని ఉండదు. 2024 ఏప్రిల్ 14, ఆదివారం. ఆ డబుల్ డెక్కర్ పైఅంతస్తులో నేనూ, మా పిన్ని కూతురూ, దాని కూతురూ కూర్చున్నాం. చుట్టూ ఎర్ర చొక్కాలు, ఎర్ర మఫ్లర్లు. అన్నీ మాంచెస్టర్ యునైటెడ్‌వి. సగానికి సగం మంది పన్నెండేళ్ళ లోపు ఆడపిల్లలు.

టిల్డెస్లీ స్టాపు రాగానే పిల్లలంతా ఒక్కసారి కిటికీల వైపు ఒరిగారు. "పెద్దమ్మా, ఇదే ఎల్లా టూన్ ఊరు!" అంది మా పిల్ల. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు మాత్రం సగం ఇంగ్లీషులోకి జారిపోతుంది. ఆ ఒక్క వాక్యం మాత్రం పూర్తిగా తెలుగులోనే వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఎర్ర ఇటుక ఇళ్ళ వరసలూ ఒక చర్చి శిఖరమూ తప్ప ఇంకేం లేవు. ఇంగ్లండ్ జట్టు పదో నెంబరు చొక్కా వేసుకునే అమ్మాయి పుట్టి పెరిగింది ఈ వీధుల్లోనే. మేం వెళ్తున్న స్టేడియం ఆమె ఇంటికి కొద్ది మైళ్ళ దూరం.

లీ పాతకాలపు బొగ్గు గనుల, నూలు మిల్లుల ఊరు. గనులూ పోయాయి, మిల్లులూ పోయాయి. ఇప్పుడు ఊరి గర్వం రగ్బీ జట్టు. ఆ రగ్బీ జట్టు ఆడే 12,000 మంది పట్టే స్టేడియమే మాంచెస్టర్ యునైటెడ్ మహిళల సొంత మైదానం కూడా. 74,000 మంది పట్టే ఓల్డ్ ట్రాఫర్డ్ ఆ క్లబ్బుకే ఉంది. అమ్మాయిలు అక్కడ ఏడాదికి ఏవో కొన్ని ఆటలే ఆడతారు. ఇది విన్నప్పటి నుంచే నా ప్రయాణానికి ఒక దారి ఏర్పడింది. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ గురించి తెలుసుకోవాలంటే ఎవరు ఎన్ని గోల్స్ వేశారన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎక్కడ ఆడనిచ్చారన్నదీ చూడాలి.

ఆ రోజు ఆట మహిళల ఎఫ్‌ఏ కప్పు సెమీఫైనల్. ఎదురుగా చెల్సీ. వరసగా మూడుసార్లు ఈ కప్పు గెలిచిన జట్టు. ఇన్నేళ్ళూ దాన్ని నడిపిన ఎమ్మా హేస్‌కు అదే ఆఖరి సీజను. యునైటెడ్ అంతకు ముందెప్పుడూ చెల్సీని ఓడించలేదు. మేం సీట్లలో కుదురుకునేలోపే, మొదటి నిమిషంలోనే, స్పెయిన్ నుంచి వచ్చిన లూసియా గార్సియా గోలు కొట్టేసింది. తర్వాత రేచెల్ విలియమ్స్ రెండోది కొట్టింది. చెల్సీ తరఫున లారెన్ జేమ్స్ ఒకటి తిరిగి ఇచ్చింది. అక్కణ్ణుంచి ఆట ముగిసేదాకా చెల్సీ దాడి మీద దాడి. చివరి పావుగంట మా వరసలో ఎవరూ కూర్చోలేదు. 2–1తో విజిల్ మోగినప్పుడు మా పిల్ల ఏడుస్తోంది. వాళ్ళమ్మ కంగారుపడి, "ఎందుకే, గెలిచాం కదా!" అని వెన్ను నిమిరింది.

అదే రోజు లండన్‌లో టాటెన్‌హామ్, లెస్టర్‌ల మధ్య రెండో సెమీఫైనల్. మొదట లెస్టరే గోలు కొట్టింది. 84వ నిమిషంలో జెస్ నాజ్ సమం చేసింది. అదనపు సమయం ఇంక రెండు నిమిషాల్లో అయిపోతుందనగా మార్తా థామస్ తలతో కొట్టిన గోలు టాటెన్‌హామ్ మహిళల్ని చరిత్రలో మొదటిసారి ఫైనల్‌కు చేర్చింది. తిరుగు బస్సులో ఒకరి ఫోను చుట్టూ పదిమంది మూగి ఆ వార్త చూశారు.

నాకౌట్ కప్పు అంటే ఒక్క ఓటమితో ఇంటికి. లీగులో ఈ వారం పోగొట్టుకున్నది వచ్చే వారం సంపాదించుకోవచ్చు, ఇక్కడ అది కుదరదు. ఈ కప్పు తలుపు మాత్రం చాలా కింద నుంచే తెరుచుకుంటుంది. శరదృతువు మొదట్లో క్వాలిఫయింగ్ రౌండ్లు మొదలవుతాయి. దేశమంతటి నుంచి నాలుగు వందలకు పైగా జట్లు పేరిస్తాయి. మొదటి రౌండ్లలో దూరాభారం లేకుండా దగ్గరి ఊళ్ళ జట్లనే ఒకదానితో ఒకటి ఆడిస్తారు. ఆ ఆటగత్తెల్లో చాలామందికి వారమంతా వేరే ఉద్యోగాలుంటాయి. పెద్ద జట్లు చలికాలంలో గానీ రావు. విమెన్స్ సూపర్ లీగ్‌లోని జట్లు జనవరిలో నాలుగో రౌండులో అడుగుపెడతాయి. అప్పటిదాకా నిలిచిన చిన్న జట్లకు వాటితో తలపడే అదృష్టం దక్కుతుంది. ఆ సీజనులో మూడో అంచె లీగులో ఆడుతున్న న్యూకాసిల్‌కు అలాగే యునైటెడ్ ఎదురైంది. న్యూకాసిల్ 0–5తో ఓడింది. ఆ తర్వాత యునైటెడ్ సౌతాంప్టన్‌ను 3–1తో, బ్రైటన్‌ను 4–0తో దాటి సెమీఫైనల్‌కు వచ్చింది. టాటెన్‌హామ్ దారి ఇంకా గతుకులది. క్వార్టర్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ చేతిలో ఓటమి అంచు దాకా పోయి, చివర్లో బెథనీ ఇంగ్లండ్ గోలుతో సమం చేసి, పెనాల్టీల్లో బయటపడింది.

ఈ మెట్లలో అట్టడుగు మెట్టు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. మా చెల్లెలు ఒక ఆదివారం వాళ్ళింటికి దగ్గర్లోని పార్కుకు తీసుకెళ్ళింది. టికెట్టు లేదు, గ్యాలరీ లేదు. గీతల అవతల నిలబడి చూడడమే. రాత్రంతా వాన కురిసినట్టుంది, గోలు ముందు నేల నల్లగా చిత్తడైపోయింది. రెండు స్థానిక మహిళల జట్లు. గోల్‌కీపర్‌కు నలభై ఏళ్ళ పైనే ఉంటాయి. విరామంలో ఆమె పిల్లాడు పరుగెత్తుకొచ్చి నీళ్ళ సీసా అందించాడు. ఆట అయ్యాక రెండు జట్ల వాళ్ళూ కలిసి వలలు విప్పి, జెండా కర్రలు పీకి కారు డిక్కీలో సర్దుకున్నారు. వచ్చే సీజనులో కప్పుకు పేరిస్తారా అని అడిగాను. ఇస్తామంది వాళ్ళ కెప్టెన్, వెంబ్లీకి వెళ్ళే దారిలోనే ఉన్నామన్నంత ధీమాగా. నిజానికి ఆ దారిలోనే ఉన్నారు కూడా. ఈ పార్కు నుంచి వెంబ్లీ దాకా ఒకే పోటీ, ఒకే నియమాలు. ఎంత పొడుగు దారి అయినా, మధ్యలో ఎక్కడా గోడ లేదు.

ఒకప్పుడు ఉండేది. దాని కథ ప్రెస్టన్‌లో మొదలవుతుంది. మాంచెస్టర్ నుంచి రైల్లో గంటలోపు ప్రయాణం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడి స్ట్రాండ్ రోడ్డులో డిక్, కెర్ అండ్ కంపెనీ అనే ఫ్యాక్టరీ ఉండేది. ట్రాములూ రైలు సామగ్రీ చేసే ఆ ఫ్యాక్టరీ యుద్ధంలో మందుగుండు తయారీకి మారింది. మగవాళ్ళు సైన్యంలోకి పోతే ఆడవాళ్ళు యంత్రాల ముందుకొచ్చారు. భోజన విరామంలో యార్డులో బంతి తన్నుతూ, అక్కడి కుర్రాళ్ళతో పందాలు వేసి ఆడేవాళ్ళు. ఆల్ఫ్రెడ్ ఫ్రాంక్‌లాండ్ అనే ఆఫీసు ఉద్యోగి అది చూసి జట్టు కట్టాడు. 1917 క్రిస్మస్ రోజున ప్రెస్టన్ నార్త్ ఎండ్ వాళ్ళ డీప్‌డేల్ మైదానం అద్దెకు తీసుకుని, గాయపడ్డ సైనికుల ఆస్పత్రి కోసం ఆట పెట్టారు. పదివేల మంది వచ్చారు.

డీప్‌డేల్ ఇప్పటికీ అక్కడే ఉంది. స్టేడియం గోడకు అమర్చిన గ్రానైటు స్మారకం మీద ఆ అమ్మాయిల కథ చెక్కి ఉంది. 2017లో, ఆ మొదటి ఆటకు నూరేళ్ళు నిండినప్పుడు పెట్టారు. అక్కడ నిలబడి నేను ఎక్కువగా ఊహించుకున్నది మాత్రం 1920 డిసెంబరు నాటి ఒక రాత్రి ఆట. అప్పటికి మైదానాల్లో దీపాల్లేవు. యుద్ధ శాఖ అనుమతితో, విమానాల్ని వెతికే సెర్చిలైట్లు రెండు తెప్పించారు. అప్పుడు ఆ శాఖ మంత్రి విన్‌స్టన్ చర్చిల్. చీకట్లో కనబడాలని తోలు బంతికి సున్నం పూశారు. పన్నెండు వేల మంది చలిలో నిలబడి చూశారు. పని దొరక్క తిరుగుతున్న మాజీ సైనికుల కోసం డబ్బు పోగుచేయడానికే ఆ ఆట. ఆడవాళ్ళు తమ జేబుల కోసం ఆడలేదు, ఆస్పత్రుల కోసం, ఆకలి కోసం ఆడారు. మరుసటి ఏడాది బొగ్గు గనులు మూతబడి కార్మికుల ఇళ్ళలో పొయ్యి వెలగనప్పుడు, గని ప్రాంతాల్లో మహిళా జట్లు వాళ్ళ కోసమూ ఆడాయి.

అక్కణ్ణుంచి లివర్‌పూల్. గుడిసన్ పార్క్ ఊరికి దూరంగా విసిరేసినట్టుండే స్టేడియం కాదు. ఇటుక ఇళ్ళ మధ్య ఇరుక్కుని, ఒక మూల సెయింట్ లూక్ చర్చిని ఆనుకుని ఉంటుంది. వీధి మలుపు తిరిగేదాకా కనబడదు, తిరిగాక ఆకాశమంతా అదే. 1920 డిసెంబరు 26న డిక్ కెర్ జట్టు సెయింట్ హెలెన్స్‌తో ఇక్కడ ఆడింది. లోపల 53,000 మంది. చోటు చాలక బయటే ఆగిపోయినవాళ్ళు పదివేలకు పైమాటే. మూడువేల పౌన్లకు పైగా విరాళం వచ్చింది. ఆ జట్టులో లిలీ పార్ అనే అమ్మాయి ఉండేది. చేరేనాటికి పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్ల. ఎడమ కాలితో ఆమె కొట్టే దెబ్బకు బంతి ఎటుపోయిందో గోల్‌కీపర్లకు తెలిసేది కాదట. ఇప్పుడు మాంచెస్టర్‌లోని జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియంలో ఆమె విగ్రహం ఉంది.

సరిగ్గా ఏడాది తిరగకముందే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) తీర్మానం చేసింది. ఈ ఆట ఆడవాళ్ళకు తగదంది. విరాళాల లెక్కల మీద అనుమానాలు వ్యక్తం చేసింది. ఆడవాళ్ళను ఆడొద్దనే అధికారం ఆ సంస్థకు లేదు. దాని చేతిలో ఉన్నది మైదానాలు. అందుకని తన సభ్య క్లబ్బులన్నిటికీ చెప్పింది: మీ గ్రౌండు వాళ్ళకివ్వకండి. అంతే. ఒక్క తీర్మానంతో డీప్‌డేల్, గుడిసన్ లాంటి గేట్లన్నీ మూసుకున్నాయి. ఆట ఆగలేదు. డిక్ కెర్ జట్టు మరుసటి ఏడాది అమెరికా వెళ్ళి అక్కడి మగ జట్లతో ఆడింది, 1965 దాకా ఏదో ఒక మైదానం వెతుక్కుంటూ ఆడుతూనే ఉంది. కాని పార్కులో ఆడే ఆటకు టికెట్టు పెట్టలేరు. టికెట్టు లేని ఆటకు పత్రికలు రావు. పత్రికల్లో కనబడని ఆటలోకి కొత్త పిల్లలు రారు. మొక్కను పీకలేదు, నీళ్ళు పోయే కాలువ కట్టేశారు. యాభై ఏళ్ళపాటు కట్టేశారు.

మే నెలలో లండన్ వెళ్ళాక, ఫైనల్‌కు ముందు రోజు, క్రిస్టల్ ప్యాలెస్ పార్కుకు వెళ్ళాను. చెరువు పక్కన విక్టోరియా కాలపు రాకాసి బల్లుల బొమ్మలు చూడ్డానికి వచ్చే కుటుంబాలే ఎక్కువ. వాటిని దాటి పోతే పాత జాతీయ క్రీడా కేంద్రం, అథ్లెటిక్స్ స్టేడియం. 1895 నుంచి 1914 దాకా మగవాళ్ళ ఎఫ్‌ఏ కప్పు ఫైనళ్ళు జరిగింది ఇదే చోట. 1971 మే 9న మహిళల కప్పు మొట్టమొదటి ఫైనల్ జరిగిందీ ఇక్కడే. మహిళా ఫుట్‌బాల్ సంఘం 1969లో ఏర్పడింది. మూసిన గేట్లు తీయడానికి ఎఫ్‌ఏ అప్పుడప్పుడే దిగివస్తోంది. ఆ మొదటి పోటీకి 71 జట్లు పేరిచ్చాయి. ఫైనల్లో సౌతాంప్టన్ అమ్మాయిలు స్కాట్లండ్ నుంచి వచ్చిన స్టూవర్టన్ అండ్ థిసిల్ జట్టును 4–1తో ఓడించారు. దానికి ముందు రోజే వెంబ్లీలో లక్ష మంది ముందు ఆర్సెనల్, లివర్‌పూల్ మగ జట్లు తమ ఫైనల్ ఆడుకున్నాయి. ఒకే ఊళ్ళో ఒక రోజు తేడాతో రెండు ఫైనళ్ళు జరిగితే, ఒకదాన్ని దేశమంతా చూసింది, రెండోదాన్ని ఆడినవాళ్ళ ఇంటివాళ్ళే గుర్తుపెట్టుకున్నారు.

ఆ తర్వాత మహిళల ఫైనల్ ఏళ్ళ తరబడి ఎవరిస్తే వాళ్ళ మైదానంలో జరిగింది. నిర్వహణను ఎఫ్‌ఏ తీసుకున్నది 1993లో. కప్పును అందరికన్నా ఎక్కువగా పద్నాలుగుసార్లు గెలిచింది ఆర్సెనల్. వెంబ్లీ గేటు తెరుచుకున్నది మాత్రం 2015లో. ఆ ఆగస్టు 1న నాట్స్ కౌంటీ మీద కొరియా అమ్మాయి జీ సో-యున్ కొట్టిన ఒక్క గోలుతో చెల్సీ గెలిచింది. 30,710 మంది చూశారు. 2023 ఫైనల్‌కు 77,390 మంది వచ్చారు. గుడిసన్‌లో ఆ 53,000 లెక్కను ఈ కప్పు ఫైనల్ దాటడం అదే మొదటిసారి. దాటడానికి నూటరెండేళ్ళు పట్టింది.

2024 మే 12. వెంబ్లీ పార్క్ స్టేషన్ మెట్ల మీదికి రాగానే ఎదురుగా తెల్లటి కమాను, దాని కిందికి ఏరులా సాగే జనం. ఇంగ్లండ్‌లో అరుదుగా కాసే మంచి ఎండ. మా చెల్లెలి కుటుంబం మాంచెస్టర్ నుంచి పొద్దున్నే దిగింది. అరిసెలూ పులిహోరా తెచ్చుకుంది కాని స్టేడియంలోకి రానివ్వరని తెలిసి, గేటు బయటే గట్టు మీద కూర్చుని తినేశాం. పక్కనే కూర్చున్న టాటెన్‌హామ్ అభిమాని, డెబ్భై ఏళ్ళ పెద్దావిడ, ఒక అరిసె తీసుకుంది. చిన్నప్పుడు బళ్ళో అబ్బాయిలతో ఫుట్‌బాల్ ఆడుతుంటే మేష్టరు బంతి లాక్కునేవాడనీ, ఇప్పుడు మనవరాలిని తీసుకుని వచ్చాననీ చెప్పింది. నిషేధం అనే మాట అప్పటిదాకా నాకు చరిత్ర. ఆవిడకది బాల్యం.

టాటెన్‌హామ్‌కు ఆ రోజు మొదటి నుంచే ఒక లోటు. ఆ సీజనులో వాళ్ళ మధ్యవరసకు ప్రాణమైన గ్రేస్ క్లింటన్ యునైటెడ్ నుంచి అరువు మీద వచ్చిన అమ్మాయి. సొంత క్లబ్బు మీద ఆడకూడదన్నది నియమం. మొదటి సగం బిగువుగా సాగింది. విరామానికి క్షణాల ముందు ఎల్లా టూన్ బంతితో ముందుకు దూసుకొచ్చి, పెనాల్టీ బాక్సు బయట నుంచే కొట్టిన షాటు గోలు పైమూలకు పోయింది. టిల్డెస్లీ కిటికీలోంచి చూసిన ఇటుక ఇళ్ళు ఒక్కసారి నా కళ్ళముందు మెదిలాయి. విరామం తర్వాత కెప్టెన్ కేటీ జెలెమ్ ఫ్రీకిక్కును విలియమ్స్ తలతో గోలులోకి పంపింది. ఆ వెంటనే టాటెన్‌హామ్ తడబాటు మీద గార్సియా మూడోది, తర్వాత నాలుగోది కొట్టింది. 4–0. ఏడాది కిందట ఇదే వెంబ్లీలో ఫైనల్ ఓడిన జట్టు, ఈసారి కప్పు అందుకుంది. 76,082 మందిలో ఓడినవాళ్ళు కూడా చాలాసేపు కదల్లేదు.

యునైటెడ్ క్లబ్బు 2005లో తన మహిళా విభాగాన్నే మూసేసింది. పెద్దల మహిళా జట్టు మళ్ళీ పుట్టింది 2018లో. ఆరేళ్ళలో తొలి పెద్ద కప్పు. ఆ మధ్యాహ్నమే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మగ జట్టుకు లీగు ఆట ఉంది. క్లబ్బు కొత్త సహయజమాని వెంబ్లీకి రాలేదు, అక్కడికి వెళ్ళాడు. రెండు వారాల తర్వాత ఆ క్లబ్బు మగ జట్టు కూడా ఇదే వెంబ్లీలో తమ ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. ఒకే క్లబ్బు, ఒకే ఏడాది, ఒకే మైదానం. విజేత బహుమతి మగవాళ్ళకు 20 లక్షల పౌన్లు, ఆడవాళ్ళకు 4 లక్షల 30 వేలు. అంతకు ముందు ఏడాది లక్షే ఉండేదన్నది నిజం, పెరుగుతున్నదన్నదీ నిజం. కాని ఆ తేడాలో ఆ యాభై ఏళ్ళ బాకీ ఇంకా కనబడుతూనే ఉంది.

తిరిగి వస్తుంటే మా పిల్ల అడిగింది: "పెద్దమ్మా, మీ దగ్గర గర్ల్స్‌కి ఉందా కప్పు?" ఇండియన్ విమెన్స్ లీగ్ గురించి చెప్పాను. 2015లో వెస్ట్ హామ్ మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా వచ్చిన అదితి చౌహాన్ గురించి చెప్పాను. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కు ఆడిందనీ, భారత జట్టు చొక్కా వేసుకుంటోందనీ చెప్పాను. ఆ పేరు తన ఫోనులో రాసుకుంది. మన పిల్లల్లో సత్తా లేదని సౌమ్యను చూశాక ఎవరూ అనలేరు. సాయంత్రం అయిదింటికి మన ఊళ్ళ హైస్కూలు మైదానాల్లో ఎవరుంటున్నారో చూస్తే కొరత ఎక్కడుందో తెలుస్తుంది.

ఆ ప్రయాణం ముగిశాక ఒక కబురు వచ్చింది. అప్పటిదాకా గుడిసన్ పార్కులో ఆడిన ఎవర్టన్ మగ జట్టు రేవు ఒడ్డున కట్టుకున్న కొత్త స్టేడియానికి మారిపోయింది. క్లబ్బు పాత మైదానాన్ని పడగొట్టకుండా, 2025–26 సీజను నుంచి తన మహిళా జట్టుకు సొంత మైదానంగా ఇచ్చింది. 1920లో 53,000 మందిని చూసిన నేల, 1921లో గేటు మూసిన నేల, ఇప్పుడు అమ్మాయిలదే. ఈ ప్రయాణమంతటిలో నాకు అర్థమైంది ఇదే. ఆడాలన్న కోరికను ఎవరూ నేర్పనక్కర్లేదు. అది ఫ్యాక్టరీ యార్డులోనూ పుడుతుంది, తండాలోనూ పుడుతుంది. మనం ఇవ్వాల్సింది కొలిచి గీతలు గీసిన పచ్చిక, రెండు గోల్‌పోస్టులు, వారానికి కొన్ని గంటలు ఆ గేటు తాళం. ఆ తాళం ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరి చేతిలో ఉంది. అడిగి తీసుకుని మన ఆడపిల్లల చేతిలో పెడదాం.